గోడ మీద సర్టిఫికెట్, కౌంటర్ దగ్గర మౌనం

చిక్కడపల్లిలో మేము మందులు కొనుక్కునే షాపులో, డ్రగ్ లైసెన్సు పక్కనే, ఫార్మసిస్టు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఒకటి ఫ్రేము కట్టి వేలాడుతూ ఉంటుంది. దాని మీద ఉన్నది ఒక స్త్రీ పేరు, ఒక స్త్రీ ఫొటో. ఐదారేళ్ళుగా ఆ షాపుకి వెళ్తున్నా ఆమెను నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఒకరోజు ఉండబట్టలేక కౌంటర్లో ఉన్న అబ్బాయిని అడిగాను. "మా వదిన మేడమ్. ఇంటికాడ ఉంటది. పిల్లలు చిన్నగున్నరు గద" అన్నాడు. ఇంటర్మీడియట్ మధ్యలో ఆపేసి అన్న షాపులో చేరినవాడు. మర్యాదస్తుడు, చురుకైనవాడు. ఏ మందు ఏ అరలో ఉందో వెతుక్కోకుండానే తీసి ఇవ్వగలడు.

మేము మాట్లాడుతుండగానే ఒకమ్మాయి వచ్చింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళు ఉంటాయి. చేతిలో ఉన్న పోటీపరీక్షల పుస్తకాలు చూస్తే అశోక్‌నగర్‌లో ఏదో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న పిల్లలా ఉంది. నన్ను చూసి, నా పక్కనున్న ఇద్దరు మగవాళ్ళను చూసి, కొంచెం ఎడంగా నిలబడింది. వాళ్ళు వెళ్ళాక ఫోనులో ఏదో పేరు తీసి, నోటితో అనకుండా, ఫోనే అతనికి చూపించింది. అతనూ ఏమీ అనకుండా ఒక చిన్న పెట్టెను నల్ల కవర్లో చుట్టి ఇచ్చాడు. మొత్తం అర నిమిషం పట్టిందేమో. ఆ అర నిమిషంలో ఇద్దరి మధ్యా ఒక్క మాట నడవలేదు.

ఆ పెట్టెలో ఏముందో నాకు తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. కాని ఆ మందు ఎప్పుడు వేసుకోవాలి, ఎన్నాళ్ళు వేసుకోవాలి, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాలి అన్నది ఆ పిల్లకు ఎవరో ఒకరు చెప్పాలి కదా? అది చెప్పగల చదువు చదివిన మనిషి గోడ మీద ఫొటోలో ఉండిపోయింది. ఒక స్త్రీ చదువు గోడకు వేలాడుతూ ఉండడం, ఇంకో స్త్రీ ఏమీ తెలియకుండా మందు పట్టుకుపోవడం ఒకే సమస్యకున్న రెండు ముఖాలని నా అభిప్రాయం. దాన్ని మీ ముందు చర్చకు పెట్టాలనే ఈ వ్యాసం.

కాంపౌండరు నుంచి ఫార్మసిస్టు దాకా

మన అమ్మమ్మల కాలంలో ఫార్మసిస్టు అనే మాట ఎవరూ వాడేవారు కాదు. వాళ్ళకు తెలిసింది కాంపౌండరు. డాక్టరు చీటీ రాసిస్తే కాంపౌండరు పొడులు నూరి, రంగునీళ్ళు కలిపి, ఎంత తాగాలో తెలిసేలా సీసాకు కాగితం గుర్తులు అంటించి ఇచ్చేవాడు. 1948లో ఫార్మసీ చట్టం వచ్చింది. డాక్టరు రాసిన మందును కలపడం గాని, తయారుచేయడం గాని, ఇవ్వడం గాని రిజిస్టరైన ఫార్మసిస్టు తప్ప ఇంకెవరూ చేయకూడదని ఆ చట్టం 42వ సెక్షన్ చెప్తుంది. 1940 నాటి ఔషధ చట్టం కింద 1945లో చేసిన నిబంధనలు కూడా చీటీ మీద ఇచ్చే మందు ఫార్మసిస్టు స్వీయ పర్యవేక్షణలోనే ఇవ్వాలంటాయి.

ఆ తర్వాత మందులన్నీ ఫ్యాక్టరీల్లోనే తయారై స్ట్రిప్పుల్లో, సీసాల్లో రావడం మొదలైంది. కాంపౌండరు చేతిపని పోయింది. మరి చేతిపని పోయాక ఫార్మసిస్టుకు మిగిలిన పని ఏమిటి? పెట్టె తీసి ఇవ్వడమేనా? దానికి రెండేళ్ళ డిప్లొమా ఎందుకు, నాలుగేళ్ళ డిగ్రీ ఎందుకు?

ఈ ప్రశ్నకు గత కొన్ని దశాబ్దాలుగా ప్రపంచమంతటా వస్తున్న జవాబు ఒకటే. ఫార్మసిస్టుకు మిగిలిన పని మాట్లాడడం. మందు గురించి మనిషితో మాట్లాడడం, ఆమె ఇంకేం మందులు వాడుతోందో కనుక్కోవడం, ఒకదానికొకటి పడకపోతే డాక్టరుకు ఫోను చేసి చెప్పడం. మన దేశంలో ఆరేళ్ళ ఫార్మ్.డి కోర్సు 2008లో పెట్టింది ఇందుకే. 2015 జనవరిలో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు ఈ మాటను చట్టంలోకి ఎక్కించాయి. వాటి ప్రకారం చీటీ అందుకున్న ఫార్మసిస్టు తనంతట తానే రోగితో మాట్లాడాలి. మందు పేరేమిటి, దేనికి వాడతారు, ఎంత మోతాదు, ఎన్నాళ్ళు, ఎలా భద్రపరచాలి, ఒక పూట మరిచిపోతే ఏం చేయాలి, ఏ దుష్ప్రభావాలు రావచ్చు, ఇతర మందులతో కలిస్తే ఏమవుతుంది అన్నీ చెప్పాలి. తెల్లకోటు వేసుకుని, పేరు, రిజిస్ట్రేషన్ నెంబరు కనిపించే బ్యాడ్జి పెట్టుకోవాలి.

ఈ నిబంధనలు వచ్చి పదేళ్ళు దాటింది. మీరు మందులు కొనే షాపులో ఇవన్నీ మీకు ఎవరైనా చెప్పారా? ఆ బ్యాడ్జి ఎప్పుడైనా చూశారా?

మూడు పేటల్లో స్త్రీలు కొనే మందులు

నారాయణగూడ మెట్రో స్టేషన్ దగ్గర మొదలుపెట్టి చిక్కడపల్లి రోడ్డున నడిచి, సిటీ సెంట్రల్ లైబ్రరీ వైపుగా అశోక్‌నగర్‌లోకి తిరిగితే దారి పొడుగునా మందుల షాపులే. ఈ దారిలోనే నేను ఉంటాను, ఈ షాపుల్లోనే కొంటాను. కొన్ని నెలలుగా కాస్త ఎక్కువసేపు నిలబడి చూస్తున్నాను, షాపుల వాళ్ళతోనూ, కొనడానికి వచ్చిన స్త్రీలతోనూ మాట్లాడుతున్నాను. నేను చేసింది లెక్కలు తీసే సర్వే కాదు. అయినా ఈ పేటల్లో ఏ కౌంటరు దగ్గర నిలబడినా కనిపించే సంగతులు కొన్ని ఉన్నాయి.

చిక్కడపల్లిలో వెంకటేశ్వరస్వామి గుడి ఉంది. శ్రావణమాసం వచ్చిందంటే, పెళ్ళిళ్ళ రోజులు వచ్చాయంటే "డేటు వెనక్కి జరిగే గోలీ" అడిగే స్త్రీలు ఎక్కువవుతారు. ఆ గోలీలో ఉండేది నోర్‌ఎథిస్టెరాన్ అనే హార్మోను. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ మందు అది. ఆ హెచ్చరిక స్ట్రిప్పు మీద ఉంటుంది, చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో. గతంలో కాళ్ళలోగాని, ఊపిరితిత్తుల్లోగాని రక్తం గడ్డకట్టిన స్త్రీలు దీన్ని వాడకూడదు. "మీకెప్పుడైనా అట్లా అయిందా అమ్మా?" అని అడగడానికి పట్టేది ఒక్క నిమిషం. ఆ నిమిషం ఎవరూ ఇవ్వరు. వ్రతంలో ముట్టుకి చోటెందుకు లేదు అన్నది మనం వేయవలసిన పెద్ద ప్రశ్న. కాని ఆ ప్రశ్న తేలేదాకా ఆ గోలీ మింగే స్త్రీని ఆమె మానాన వదిలెయ్యలేం కదా.

అశోక్‌నగర్ సంగతి ఇంకొకటి. గ్రూప్స్ కోసం, సివిల్స్ కోసం జిల్లాల నుంచి వచ్చిన ఆడపిల్లలు వేలల్లో ఇక్కడి హాస్టళ్ళలో ఉంటారు. నెలసరి కడుపునొప్పికి సెలవు పెట్టే వీలు లేదు, టెస్టు సిరీస్ ఆగదు. మెఫనామిక్ యాసిడ్ ఉన్న గోలీ వేసుకుని లైబ్రరీలో కూర్చుంటారు. 2023 నవంబరు 30న ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ ఈ మందు గురించి ఒక హెచ్చరిక విడుదల చేసింది. కొద్దిమందిలో ఇది డ్రెస్ సిండ్రోమ్ అనే తీవ్రమైన అలర్జీ కలిగించవచ్చునని, జ్వరం, ఒంటిమీద దద్దుర్లు, గ్రంథుల వాపు వస్తాయని, లోపలి అవయవాలు దెబ్బతినవచ్చునని, మందు మొదలుపెట్టిన రెండు నుంచి ఎనిమిది వారాల లోపు అది కనిపించవచ్చునని చెప్పింది. అరుదే కావచ్చు. కాని దద్దుర్లు వస్తే గోలీ ఆపి డాక్టరు దగ్గరికి వెళ్ళాలని తెలిస్తేనే కదా ఎవరైనా ఆపేది. ఈ హెచ్చరిక పేపర్లలో వచ్చింది, టీవీల్లో వచ్చింది, ఆ వారం దాటాక మాయమైంది. అది నిలబడి ఉండవలసిన చోటు మందుల షాపు కౌంటరు. నేను మాట్లాడిన హాస్టలు పిల్లల్లో ఒక్కరికీ షాపులో ఈ మాట ఎవరూ చెప్పలేదు.

ఇళ్ళల్లో పనిచేసే స్త్రీలు స్ట్రిప్పు మొత్తం కొనరు, కొనలేరు. "రెండు నొప్పి గోలీలు, రెండు గ్యాస్ గోలీలు ఇయ్యన్నా" అంటారు. కత్తెరతో కత్తిరించి కాగితంలో చుట్టి ఇస్తారు. మందు పేరు ఉన్న ముక్క ఒకరికి, గడువు తేదీ ఉన్న ముక్క ఇంకొకరికి పోతుంది. రెండోసారి అదే మందు అడగాలంటే "పసుపుపచ్చ గోలీ" అని అడగాల్సిందే.

ఇంకొక్క ఉదాహరణ. క్షయకు వాడే రిఫాంపిసిన్ అనే మందు గర్భనిరోధక మాత్ర ప్రభావాన్ని తగ్గించేస్తుంది. క్షయ మందులు ప్రభుత్వ కేంద్రంలో ఇస్తారు. గర్భనిరోధక మాత్రలు బయట షాపులో కొంటారు. ఇద్దరికీ రెండో మందు సంగతి తెలియదు. "ఇంకేమైనా మందులు వాడుతున్నావా తల్లీ?" అని అడిగే ఒక్క మనిషి ఉంటే ఒక స్త్రీకి అక్కర్లేని గర్భం తప్పుతుంది.

ఇవన్నీ చెప్పింది స్త్రీలు అజ్ఞానులని చూపడానికి కాదు. ప్రభుత్వాస్పత్రిలో లైన్లో నిలబడితే ఒకరోజు కూలి పోతుందని, ప్రైవేటు డాక్టరు ఫీజు తన స్తోమతకు మించినదని, ఇంట్లో అడిగితే ఎందుకు, ఏమిటి అనే ప్రశ్నలు వస్తాయని ఆమెకు బాగా తెలుసు. అన్నీ లెక్క వేసుకునే మందుల షాపుకు వస్తుంది. ఈ పేటల్లో చాలామంది స్త్రీలకు అదే మొదటి ఆస్పత్రి. కొందరికి చివరిది కూడా అదే.

మనం చేసిన పోరాటం, మనం వదిలిన చోటు

స్త్రీల ఉద్యమానికి మందులతో తగవు కొత్తది కాదు. హైదరాబాదులో అది పెద్ద చరిత్రే. గర్భం ఉందో లేదో తేల్చుకోవడానికి వాడుతూ వచ్చిన ఎక్కువ మోతాదు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ మందులను 1982లో ప్రభుత్వం నిషేధించినా, కంపెనీలు కోర్టుకు వెళ్ళి ఆపించాయి. స్త్రీల సంఘాలు, ఆరోగ్య సంఘాలు పట్టువదలకుండా పోరాడితే 1988లోగాని ఆ నిషేధం అమల్లోకి రాలేదు. 1980ల మధ్యలో పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక సూదిమందు ప్రయోగం జరుగుతోందని తెలిసి స్త్రీశక్తి సంఘటన వాళ్ళు అక్కడికి వెళ్ళారు. ఆ సూదిమందు ఇంకా పరీక్షలో ఉన్నదన్న సంగతే అక్కడి స్త్రీలకు సరిగా చెప్పలేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన, ఢిల్లీకి చెందిన సహేలీ తదితరులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. అప్పటికి నేను పలక పట్టుకునే వయసులో ఉన్నాను. తర్వాత పెద్దవాళ్ళు చెప్పగా విని, ఆ కాగితాలు చదివి నేర్చుకున్నదాన్ని.

నెట్-ఎన్ అంటే ఏమిటి? నోర్‌ఎథిస్టెరాన్ ఎనాంథేట్. అంటే చిక్కడపల్లిలో వ్రతానికి ముందు స్త్రీలు కొంటున్న గోలీలో ఉన్న హార్మోనుకే సూదిమందు రూపం. మోతాదు వేరు, వాడే పద్ధతి వేరు, ప్రమాదాలు కూడా ఒకటే అనలేం. నేను పోలుస్తున్నది చెప్పకపోవడాన్ని. ఆనాడు పటాన్‌చెరులో మన ఆడవాళ్ళు ప్రశ్నించింది ఆ మందులోని రసాయనాన్ని మాత్రమే కాదు, అదేమిటో చెప్పకుండా స్త్రీ శరీరంలోకి ఎక్కించడాన్ని. సర్కారు చెప్పకుండా ఎక్కిస్తే కోర్టుకు వెళ్ళాం. బజారు చెప్పకుండా అమ్ముతుంటే మనకు కనిపించలేదు. ఎందుకంటే ఇక్కడ ఆమె డబ్బిచ్చి కొనుక్కుంటోంది, తనే అడిగి తీసుకుంటోంది. కొనుక్కోవడమే సమ్మతి అనుకున్నాం.

మన ఉద్యమం ఇన్నేళ్ళూ ఏ మందు రావాలి, ఏ మందు రాకూడదు అనే దాని మీద పోరాడింది. అది అవసరమైన పోరాటమే, ఇప్పటికీ అవసరమే. కాని కౌంటరుకు అవతల ఎవరు నిలబడాలి, ఏం చెప్పాలి అనేదాన్ని మాత్రం ఔషధ నియంత్రణ శాఖకు, మందుల వ్యాపారుల సంఘాలకు వదిలేశాం. ఇది మన పొరపాటని నేను అనుకుంటున్నాను.

గర్భస్రావం మాత్రలు: దాడులు ఎవరిని కాపాడతాయి?

ఈ పొరపాటు ఖరీదు ఎక్కువగా తెలిసేది గర్భస్రావం మాత్రల దగ్గర. మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ మాత్రలకు మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. చట్టం ప్రకారం డాక్టరు రాయాలి, డాక్టరు పర్యవేక్షణలో వాడాలి. వాస్తవం ఏమిటి? లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం 2015లో దేశంలో సుమారు ఒక కోటి 56 లక్షల గర్భస్రావాలు జరిగాయి. అందులో 73 శాతం ఆస్పత్రుల బయట, మాత్రలతో జరిగినవే. అంటే నూటికి డెబ్బై మందికి పైగా స్త్రీలకు ఆ సమయంలో దొరికే మనిషి డాక్టరు కాదు. చాలామందికి మందుల షాపులో ఉన్నవాడే.

దీనికి మన వ్యవస్థకు తట్టే పరిష్కారం దాడులు. చీటీ లేకుండా కిట్లు అమ్మారని షాపుల మీద కేసులు పెడతారు, పేపర్లో ఫొటోలు వేయిస్తారు. అప్పుడు మనలో కొందరం "మంచిపని చేశారు" అంటాం. ఆ తర్వాత ఏం జరుగుతుందో చూడాలి. 2020లో ఆరు రాష్ట్రాల్లో 1,500 మంది మందుల వ్యాపారులతో జరిగిన ఒక అధ్యయనంలో 79 శాతం మంది అసలు ఈ మాత్రలు పెట్టుకోవడమే మానేశామన్నారు. చట్టం చిక్కులు, రిజిస్టర్ల భారం కారణమన్నారు. షాపులో దొరక్కపోతే గర్భం ఆగిపోదు కదా. ఆమె పేరులేని ఇంకో మందుకు పోతుంది, నాటువైద్యానికి పోతుంది, లేదా ఇంట్లో తెలిసి దెబ్బలు తింటుంది.

భ్రూణహత్యల పేరు చెప్పి ఈ దాడులను సమర్థించేవాళ్ళూ ఉన్నారు. ఈ మాత్రలు మన నిబంధనల ప్రకారం తొమ్మిది వారాల లోపు వాడవలసినవి. స్కానింగులో ఆడా మగా తెలిసేది ఆ తర్వాతే. ఆడపిల్లల్ని పుట్టకుండా చేస్తున్న స్కానింగు సెంటర్ల మీద పెట్టవలసిన నిఘా, నెల తప్పి భయపడుతున్న స్త్రీ మీద పెడితే ఎవరికి లాభం?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పన్నెండు వారాల లోపు గర్భానికి ఈ మాత్రలను శిక్షణ పొందిన ఫార్మసిస్టులు కూడా ఇవ్వవచ్చునని చెప్పింది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2023 జూన్ నుంచి ఫార్మసిస్టే గర్భనిరోధక మాత్రలు రాసిస్తున్నారు. అదే ఏడాది డిసెంబరు నుంచి ఇంగ్లండులో డాక్టరు దగ్గరికి వెళ్ళకుండానే ఫార్మసీలో అవి ఉచితంగా తీసుకోవచ్చు. మన చట్టం అక్కడికి రాలేదు. నేను షాపులవాళ్ళను చట్టం మీరమని చెప్పడం లేదు. కాని చట్టం మారే దాకా కూడా ఫార్మసిస్టు చేయగలిగిన పని ఉంది. ఇప్పటికే మాత్రలు మింగి భయంతో వచ్చిన స్త్రీకి "వరసగా రెండు గంటలపాటు గంటకు రెండు ప్యాడ్ల చొప్పున తడిసిపోతుంటే ఆగొద్దు, ఆస్పత్రికి పో" అని చెప్పడం ఏ చట్టం కింద నేరం? దగ్గరలో ఏ ప్రభుత్వాస్పత్రిలో గర్భస్రావం చేస్తారో చెప్పడం నేరమా? 18 ఏళ్ళు నిండిన స్త్రీకి తన సమ్మతి ఒక్కటే చాలు, భర్త సంతకం అక్కర్లేదు అని చెప్పడం నేరమా?

చదువుకున్న ఆ వదిన ఎక్కడ?

ఇప్పుడు గోడ మీది ఫొటో దగ్గరికి వస్తాను. మాడపాటి హనుమంతరావు 1928లో మొదలుపెట్టిన బాలికల పాఠశాల ఉన్నది నారాయణగూడలోనే. ఈ పక్కనే బర్కత్‌పురాలో ఒకటి, తార్నాకలో ఒకటి, స్త్రీల కోసమే ఫార్మసీ కాలేజీలు ఉన్నాయి. ఏటా ఎందరో ఆడపిల్లలు ఫార్మసీ చదివి బయటికి వస్తున్నారు. మరి కౌంటర్లలో వాళ్ళేరీ?

కొందరి సర్టిఫికెట్లు భర్త షాపులో, బావ షాపులో, ఒక్కోసారి ముఖం కూడా తెలియనివాళ్ళ షాపులో అద్దెకు ఉంటాయి. ఫార్మసీ చదివిన కోడలు వస్తే లైసెన్సు వస్తుందని లెక్క వేసే కుటుంబాలు ఉన్నాయి. ఆమె చదువు ఒక రకం కట్నం. షాపు ఆమె పేరున నడుస్తుంది, గల్లాపెట్టె ఆమె చేతిలో ఉండదు. ఏదైనా తప్పు జరిగితే మాత్రం చట్టం ముందు జవాబు చెప్పవలసింది ఆమే.

ఇంకొందరు అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ నేర్చుకుని కంపెనీల్లో చేరుతున్నారు. ఫార్మ్.డి చదివిన ఒకమ్మాయి నాతో అన్న మాట మరిచిపోలేను. హైటెక్‌సిటీలో రాత్రి షిఫ్టులో ఆమె పని, అమెరికాలో ఎవరికైనా మందు పడకపోతే ఆ వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించడం. "అక్కడెవరికో దద్దుర్లొస్తే గంటలో కేసు ఫైలు చేస్తాను మేడమ్. మా అమ్మకి బీపీ గోలీలు పడక కాళ్ళు వాచినయ్. దాన్ని ఎక్కడ రాయాలో మా ఊర్లో ఎవరికీ తెల్వదు" అంది. మన దేశంలోనూ 2010 నుంచి ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం ఉంది. 1800-180-3024 అనే ఉచిత ఫోను నెంబరుకు ఎవరైనా చెప్పవచ్చు. ఆ నెంబరు మీ షాపు గోడ మీద ఎప్పుడైనా కనిపించిందా?

ఇక కౌంటర్లో నిజంగా నిలబడే స్త్రీలు ఎవరంటే, చదువు లేకుండా సేల్స్‌కి పెట్టుకున్న అమ్మాయిలు. పన్నెండు గంటల డ్యూటీ, చాలాచోట్ల కూర్చోవడానికి స్టూలు కూడా ఉండదు. ప్యాడ్లు కొనే స్త్రీలకు కాస్త ఊరట అని వీళ్ళను పెట్టుకుంటారు. తెలియని మందు గురించి అడిగితే వాళ్ళూ తలదించుకుంటారు.

ఎదురయ్యే అభ్యంతరాలు

ఈ విషయం మాట్లాడినప్పుడల్లా మిత్రులు మూడు అభ్యంతరాలు చెప్తున్నారు. మూడూ తీసిపారేయదగ్గవి కావు.

మొదటిది, ఫార్మసిస్టు ఉండి తీరాలని పట్టుబడితే చిన్న షాపులు మూతపడి పెద్ద కంపెనీల గొలుసు షాపులే మిగులుతాయి అన్నది. నిజమే. కాని చదువుకున్న స్త్రీలు ఇళ్ళల్లో ఉండగా మనుషులు లేరనడం సరికాదు. ఆ వదినకు జీతం, పని గంటల్లో వెసులుబాటు, పిల్లల్ని చూసుకునే ఏర్పాటు ఉంటే ఆమే వస్తుంది. సర్టిఫికెట్‌కు అద్దె ఇచ్చేవారు మనిషికి జీతం ఇవ్వలేరా?

రెండోది, ఇప్పుడన్నీ ఫోన్లో ఆర్డరు చేస్తే ఇంటికే వస్తున్నాయి కదా అన్నది. 2020 మార్చిలో కరోనా సమయంలో ఇంటికి మందులు చేర్చడానికి అనుమతి ఇచ్చారు. ఇంటర్నెట్ ఫార్మసీల మీద 2018లో తయారైన ముసాయిదా నిబంధనలు ఏళ్ళు గడిచినా ముసాయిదాగానే ఉన్నాయి. నలుగురిలో అడగక్కర్లేదు కాబట్టి కొందరు స్త్రీలకు ఇది మేలే. కాని ఇంట్లో ఉన్న ఒకే ఫోను భర్తది అయితే ఆ రహస్యం ఎంతసేపు? పైగా అక్కడా చెప్పే మనిషి లేడు. మౌనం కౌంటరు మీంచి ఫోనులోకి మారింది, అంతే.

మూడోది నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. మాట్లాడమని ఫార్మసిస్టుకు అధికారం ఇస్తే నీతులు చెప్పడం మొదలుపెడతారు, "పెళ్ళయిందా?" అని అడుగుతారు, ఇప్పుడున్న మౌనమే నయం అన్నది ఒక హాస్టలు పిల్ల. ఆమె భయం ఉత్తదేం కాదు, ఆ ప్రశ్న నేనూ నా చెవులతో విన్నాను. 2021లో గర్భస్రావ చట్టాన్ని సవరించినప్పుడు గర్భనిరోధం విఫలమైన సందర్భంలో 'వివాహిత', 'భర్త' అనే మాటలు తీసేసి 'స్త్రీ', 'భాగస్వామి' అని పెట్టారు. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు పెళ్ళికాని స్త్రీలకూ సమాన హక్కు ఉందని చెప్పింది. న్యాయస్థానం అడగవద్దన్న ప్రశ్న మందుల షాపులో అడగడానికి వీల్లేదు. ఏం చెప్పాలో నేర్పినట్టే ఏం అడగకూడదో కూడా ఫార్మసీ కాలేజీల్లో నేర్పాలి. అది నేర్పగలిగింది మనం. ఆ తరగతి గదుల్లోకి మనం ఇంతవరకు అడుగు పెట్టలేదు.

మనం ఏం చేయగలం?

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. ఉన్నదాన్ని అడగడం మొదలుపెడితే చాలు. మన సంఘాలు తమ బస్తీల్లో, తమ వీధుల్లో ఉన్న మందుల షాపులకు వెళ్ళి "మీ ఫార్మసిస్టు ఎవరు? ఏ వేళల్లో ఉంటారు?" అని మర్యాదగా అడగవచ్చు. ఆ వేళలు బోర్డు మీద రాయించవచ్చు. స్త్రీలు ఎక్కువగా వాడే పది మందుల గురించి తెలుగులోనూ, ఉర్దూలోనూ ఒక్కో చీటీ తయారుచేసి కౌంటర్లో పెట్టించవచ్చు. స్ట్రిప్పు కత్తిరించినప్పుడు మందు పేరు, గడువు తేదీ కాగితం మీద రాసి ఇవ్వమని అడగవచ్చు. నలుగురి ముందు కాకుండా మాట్లాడుకోవడానికి కౌంటరుకు ఒక పక్కన రెండడుగుల చోటు, ఒక తెర చాలు. బస్తీ దవాఖానాల్లో డాక్టరు, నర్సుతోబాటు మందు గురించి వివరించే ఫార్మసిస్టు కూడా కావాలని ప్రభుత్వాన్ని అడగాలి. సర్టిఫికెట్ అద్దెకు ఇచ్చిన స్త్రీలను నేరస్తులుగా చూసే ముందు వాళ్ళను మన సమావేశాలకు పిలవాలి. వాళ్ళ చదువు వాళ్ళకు తిరిగి ఇప్పించడం కూడా హక్కుల పనే.

పోయిన నెల ఆ షాపు అబ్బాయితో "మీ వదినని సాయంత్రం రెండు గంటలైనా కూర్చోమనరాదా? పిల్లల్ని ఆ రెండు గంటలు మీ అన్న చూసుకుంటాడు" అన్నాను. నవ్వాడు. "అన్ననా మేడమ్?" అన్నాడు. నేనేదో జోకు చెప్పినట్టు పక్కనున్నవాళ్ళు కూడా నవ్వారు.

ఆ నవ్వు దగ్గరే మన పని మొదలవుతుందని నాకనిపించింది. మీ వీధి చివర షాపులో గోడ మీద ఎవరి సర్టిఫికెట్ ఉందో ఈ వారం ఒకసారి చూసి రండి. ఆమె గురించి అడగండి. ఏం జవాబు వచ్చిందో ఈ పత్రికకు రాయండి.